ఎడ్వర్డ్ లారీ

ఎడ్వర్డ్ లారీ (1846 - 1915) నిజాం పాలనలోని హైదరాబాదులో 1885 నుండి 1901 వరకు రెసిడెన్సీ సర్జనుగా పనిచేసిన బ్రిటిషు శస్త్రవైద్యుడు. హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగా కూడా వ్యవహరించాడు. క్లోరోఫారం మత్తులో రోగి మరణిస్తే ముందుగా ఆగేది గుండెయా, ఊపిరియా అన్న ప్రశ్నకు సమాధానం వెదకడానికి ఈయన చొరవతో ఏర్పడిన రెండు హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు (1888, 1889) ప్రపంచ వైద్య చరిత్రలో హైదరాబాదుకు స్థానం కల్పించాయి. మత్తుమందు ఇచ్చేటప్పుడు గుండె వేగం, రక్తపోటు ఎలా మారుతాయి, ఆ మార్పులు ప్రమాదకరమా కాదా అన్న విషయంపై అంత పెద్ద ఎత్తున పరిశోధన అంతకు ముందు మన దేశంలో జరగలేదు. ఆ పరిశోధన నుండి లారీ తీసిన ముఖ్యమైన తీర్పు మాత్రం తరువాతి కాలంలో నిలబడలేదు.

విద్యాభ్యాసం, గురువు ప్రభావం

లారీ ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివాడు. ఆ నగరంలోనే 1847 నవంబరులో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారాన్ని మత్తుమందుగా ప్రవేశపెట్టాడు. లారీకి గురువు ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్. యాంటిసెప్టిక్ శస్త్రచికిత్సకు ఆద్యుడైన జోసెఫ్ లిస్టర్ కూడా సైమ్ శిష్యుడే, అల్లుడు కూడా. క్లోరోఫారం ఇచ్చేవారు నాడి పట్టుకొని కూర్చోనక్కరలేదనీ, రోగి ఊపిరి సక్రమంగా ఆడుతున్నదా లేదా అన్న ఒక్క విషయం కనిపెట్టుకొని ఉంటే చాలుననీ సైమ్ బోధించేవాడు. లారీ తన జీవితమంతా ఈ బోధనను వేదవాక్కుగా భావించాడు. ఈయన విజయాలకూ, పొరపాట్లకూ రెంటికీ మూలం ఇక్కడే ఉన్నదని చెప్పవచ్చు.

1870ల దశకంలో లారీ ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి భారతదేశానికి వచ్చాడు. హైదరాబాదుకు రాకముందు లాహోరు వైద్య పాఠశాలలో శస్త్రచికిత్స బోధించాడు.

నాటి వివాదం

లారీ చేసిన పని అర్థం కావాలంటే అప్పటి వివాదాన్ని కొంత తెలుసుకోవాలి. క్లోరోఫారం వాడుకలోకి వచ్చిన మూడు నెలలు తిరగకుండానే, 1848 జనవరి 28న ఇంగ్లండులోని న్యూకాజిల్ సమీపంలో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ బాలిక కాలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి, రెండు మూడు నిమిషాల్లో మరణించింది. ఆ తరువాత ఇటువంటి మరణాలు అడపాదడపా జరుగుతూనే వచ్చాయి. చనిపోయినవారిలో ఎక్కువమంది ముసలివారో, రోగంతో క్షీణించినవారో కాదు. పన్ను పీకించుకోవడం, గోరు తీయించుకోవడం వంటి చిన్న పనులకు వచ్చిన ఆరోగ్యవంతులే. పైగా మత్తు పూర్తిగా ఎక్కకముందే, చికిత్స ఆరంభంలోనే ఈ మరణాలు సంభవించేవి. వైద్యులను కలవరపెట్టినది ఇదే.

దీనిపై వైద్యలోకం రెండుగా చీలింది. క్లోరోఫారం గుండెను నేరుగా దెబ్బతీయగలదు, కనుక వేలు నాడి మీద నుండి తీయరాదు అని లండను వైద్యులు అనేవారు. మందు ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది, ఊపిరి ఆగితేనే గుండె ఆగుతుంది, కాబట్టి ఊపిరిని కాపాడితే చాలు అని ఎడింబరో వారు అనేవారు. 1870ల చివర బ్రిటిషు మెడికల్ అసోసియేషన్ తరఫున గ్లాస్గోలో పనిచేసిన ఒక సంఘం, క్లోరోఫారం వలన రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చునని జంతువుల మీద ప్రయోగాలతో తేల్చి, లండను పక్షానికి బలం చేకూర్చింది.

ఇది పండితుల మధ్య వాదం మాత్రమే కాదు. మత్తు ఇచ్చే వ్యక్తికి ఉన్నవి రెండు కళ్ళు, రెండు చేతులు. అతడు దేనిని గమనిస్తూ ఉండాలి అన్నదానిపై రోగి ప్రాణం ఆధారపడి ఉండేది. ఆ రోజుల్లో మనిషి రక్తపోటును కొలిచే సాధనం ఆసుపత్రులలో లేదని గుర్తుంచుకోవాలి. చేతికి పట్టీ చుట్టి పాదరసం ఎత్తుతో రక్తపోటు కొలిచే పరికరాన్ని ఇటలీకి చెందిన రివా-రోచి 1896లో గాని వెలువరించలేదు. స్టెతస్కోపుతో శబ్దం విని కొలిచే పద్ధతిని రష్యా వైద్యుడు కొరొట్కాఫ్ 1905లో కనిపెట్టాడు. అంతకు ముందు రక్తపోటు తెలియాలంటే జంతువు ధమనిని కోసి గొట్టం అమర్చి, దానిని పాదరసపు మానోమీటరుకు కలిపి, మసి పూసిన కాగితం చుట్టిన స్తూపం మీద గీతలు గీయించడం ముఖ్యమైన మార్గం.

ఈథరు క్లోరోఫారం కంటే గుండెకు సురక్షితమని అప్పటికే చాలామంది ఒప్పుకొన్నారు. అయినా హైదరాబాదు వంటి చోట్ల దానిని వాడడం కష్టం. ఈథరు సుమారు 35 డిగ్రీల సెల్సియసు వద్దనే మరుగుతుంది. దక్కను ఎండాకాలంలో సీసా మూత తీస్తే చాలు, ఆవిరైపోతుంది. దీపపు వెలుతురులో చేసే చికిత్సలో నిప్పంటుకొనే భయం కూడా ఉంది. క్లోరోఫారం 61 డిగ్రీల వద్ద గాని మరగదు, మంటకు అంత సులభంగా అంటుకోదు. లారీ క్లోరోఫారాన్ని అంత గట్టిగా సమర్థించడానికి గురుభక్తి ఒక్కటే కారణం కాదని గ్రహించాలి.

హైదరాబాదులో

1885లో లారీ హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా నియమితుడయ్యాడు. ఆనాటి రెసిడెన్సీ భవనమే తరువాతి కాలంలో కోఠీ మహిళా కళాశాలగా ప్రసిద్ధి పొంది, 2022లో విశ్వవిద్యాలయంగా మారింది. బ్రిటిషు ఉద్యోగి అయినా, 1846లో ప్రారంభమైన హైదరాబాదు వైద్య పాఠశాల, మూసీ ఒడ్డున ఉన్న అఫ్జల్ గంజ్ ఆసుపత్రి కూడా ఈయన అజమాయిషీలోనే ఉండేవి. అప్పటివరకు ఉర్దూలో సాగిన వైద్యవిద్యను లారీ ఇంగ్లీషులోకి మార్పించాడు. స్త్రీలను విద్యార్థులుగా చేర్చుకోవడం కూడా ఈయన కాలంలోనే, 1885లోనే, మొదలైంది.

నేటి తెలుగువారి ప్రాంతాలలో నూజివీడు, బెజవాడ మొదలైనవి అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. హైదరాబాదు నిజాం సంస్థానానికి రాజధాని. రెండిటినీ కలిపే రైలుమార్గం బెజవాడ దాకా పూర్తయినది 1889లో, అంటే రెండవ కమిషన్ కూర్చున్న సంవత్సరంలోనే.

అఫ్జల్ గంజ్ ఆసుపత్రిలో లారీ పద్ధతి చాలా సులువైనది. శంకువు ఆకారపు టోపీ ఒకటి, దాని కొనలో దూది. ఆ దూది మీద క్లోరోఫారం చుక్కలు పోసి, రోగి ముక్కుకూ నోటికీ దగ్గరగా పట్టేవారు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మెడ, ఛాతీ, పొట్ట మీద బిగుతు బట్టలు లేకుండా చూసేవారు. కనుగుడ్డును వేలితో తాకితే రెప్ప కదలనంత మత్తు వచ్చిందంటే చాలు, మందు ఆపేవారు. మొదటి నుండి చివరి దాకా చూడవలసినది ఊపిరిని మాత్రమే. నాడి చూడడం వలన మనసు ఊపిరి మీద నుండి మళ్ళుతుందని, అందువలన అది నిరుపయోగమే కాక హానికరమని కూడా లారీ విద్యార్థులకు నేర్పేవాడు.

మొదటి కమిషన్

1888లో నిజాం ప్రభుత్వ ఆమోదంతో లారీ మొదటి క్లోరోఫారం కమిషన్ ఏర్పాటు చేయించాడు. పాట్రిక్ హెహిర్ మొదలైన స్థానిక వైద్యులు ఇందులో పనిచేశారు. 141 కుక్కల మీద ప్రయోగాలు జరిగాయి. ప్రతి సందర్భంలోనూ ముందు ఊపిరి ఆగింది, ఆ తరువాతనే గుండె ఆగింది అని కమిషన్ ప్రకటించింది. 1889 ఆరంభంలో విక్టోరియా రాణి కుమారుడైన కన్నాట్ డ్యూకు హైదరాబాదు వచ్చినపుడు, వైద్య పాఠశాల బహుమతి ప్రదాన సభలో లారీ ఈ ఫలితాలను గర్వంగా వినిపించాడు.

లండనులోని లాన్సెట్ పత్రిక దీనిని నమ్మలేదు. ఐరోపాలో ఎందరో పరిశోధకులు తేల్చినదానికి విరుద్ధంగా ఉన్న ఈ ఫలితాన్ని ఒక మారుమూల సంస్థానం నుండి వచ్చిన మాట మీద అంగీకరించడం కుదరదన్నది ఆ పత్రిక ధోరణి. లారీ వెనుకకు తగ్గలేదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం చేత 1,000 పౌండ్లు మంజూరు చేయించి, లాన్సెట్ తనకు నచ్చిన నిపుణుడిని పంపి ప్రయోగాలను స్వయంగా పరీక్షించుకోవచ్చునని సవాలు చేశాడు. ఒక వైద్య వివాదం తేల్చడానికి ఒక భారతీయ సంస్థానాధీశుడు లండను పత్రిక ప్రతినిధికి ఖర్చు భరించడం వింత విషయమే.

రెండవ కమిషన్

లాన్సెట్ పంపిన వ్యక్తి థామస్ లాడర్ బ్రంటన్. గుండెనొప్పికి అమైల్ నైట్రైటు వాడవచ్చునని 1867లో చూపిన ప్రఖ్యాత ఔషధశాస్త్రవేత్త ఈయన. క్లోరోఫారం గుండెకు ప్రమాదకరమన్న అభిప్రాయంతోనే ఈయన ఓడ ఎక్కాడు. లారీ అధ్యక్షుడుగా, బ్రంటన్, జెరాల్డ్ బోమ్‌ఫోర్డ్, రుస్తుంజీ హకీం సభ్యులుగా రెండవ కమిషన్ 1889 అక్టోబరు నుండి డిసెంబరు వరకు పనిచేసింది.

ఈసారి ప్రయోగాలు నాలుగు వందలకు మించిన జంతువుల మీద జరిగాయి. కుక్కలు, కోతులే కాక గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు కూడా వీటిలో ఉన్నాయి. వందకు పైగా ప్రయోగాలలో మానోమీటరు అమర్చి రక్తపోటు గీతలు తీశారు. ఇంగ్లండులో జంతువులపై ప్రయోగాలకు 1876 చట్టం ప్రకారం అనుమతి పత్రాలు కావలసి ఉండేది. హైదరాబాదులో అటువంటి అడ్డంకి లేదు. ఇన్ని మూగజీవాలు రెండు నెలలలో బలికావడం ఇక్కడ సాధ్యపడినది అందువలననే.

కమిషన్ ప్రయోగాలలో ఊహాశక్తి లేకపోలేదు. గుండె బలహీనమైన రోగులకు ప్రమాదం ఎక్కువ అన్న వాదాన్ని పరీక్షించడానికి కొన్ని జంతువులకు భాస్వరం పెట్టి గుండెలో కొవ్వు చేరేటట్లు చేశారు. సగం మత్తులో నొప్పి కలిగిస్తే గుండె ఆగుతుందన్న వాదాన్ని పరీక్షించడానికి సగం మత్తులో ఉన్న జంతువుల పళ్ళు పీకారు, గోళ్ళు ఊడదీశారు. లండనులో రోగులు ఏ చికిత్సల సమయంలో చనిపోయేవారో సరిగ్గా ఆ చికిత్సలనే ఎంచుకున్నారన్నమాట. ఏ ఒక్క జంతువూ ఆ విధంగా హఠాత్తుగా మరణించలేదు.

క్లోరోఫారం పీలుస్తున్న కొద్దీ రక్తపోటు మెల్లమెల్లగా తగ్గుతుందని మానోమీటరు గీతలు చూపాయి. కమిషన్ దీనిని దాచలేదు. అయితే అది మత్తుతో పాటు సహజంగా వచ్చేదేననీ, దానివలన హాని లేదనీ వ్యాఖ్యానించింది. గుండె వేగం తగ్గడం, రక్తపోటు పడడం ఒక విధంగా రక్షణ అని కూడా లారీ వాదించేవాడు. గుండె మందగిస్తే మెదడుకు చేరే క్లోరోఫారం కూడా తగ్గుతుంది కదా అన్నది ఈయన తర్కం. జంతువు ఊపిరి బిగబట్టినప్పుడు, గింజుకొన్నప్పుడు మాత్రం రక్తపోటు అస్తవ్యస్తంగా మారుతుందని, ఆ తరువాత తీసే పెద్ద ఊపిరితో ఒక్కసారిగా ఎక్కువ మందు లోపలికి పోతుందని కమిషన్ హెచ్చరించింది. ఈ హెచ్చరిక సరియైనది, ఉపయోగకరమైనది కూడా.

డిసెంబరులో బ్రంటన్ లాన్సెట్‌కు తంతి పంపాడు. క్లోరోఫారం వలన ప్రమాదం ఊపిరాడకపోవడం, మోతాదు మించడం వలననే గాని గుండె మీద నేరుగా ఏమీ లేదని దాని సారాంశం. ప్రతివాది పక్షాన వచ్చిన సాక్షి వాది పక్షం చేరిపోయాడు. 1890లో పూర్తి నివేదిక లాన్సెట్‌లో వెలువడింది. లారీ జీవితంలో ఇది పరాకాష్ఠ.

విమర్శలు, ఖండనలు

సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. అబర్డీనుకు చెందిన మెక్‌విలియం 1890లోనే, క్లోరోఫారం వలన గుండె గదులు సాగి బలహీనపడతాయని చూపాడు. 1893లో కేంబ్రిడ్జికి చెందిన గాస్కెల్, షోర్ అనే శరీరధర్మ శాస్త్రవేత్తలు ఇంకా పదునైన ప్రయోగం చేశారు. రెండు జంతువుల రక్తనాళాలను కలిపి, ఒకదాని మెదడుకు రెండవదాని నుండి రక్తం అందేటట్లు అమర్చారు. దీనివలన క్లోరోఫారాన్ని మెదడుకు మాత్రమే గాని, గుండెకు మాత్రమే గాని పంపడానికి వీలైంది. మెదడుకు మాత్రమే పంపితే రక్తపోటు పడలేదు. గుండెకు చేరినప్పుడే పడింది. అంటే క్లోరోఫారం గుండెను నేరుగా దెబ్బతీస్తుంది. హైదరాబాదు గీతలు తప్పు కాదు, వాటికి చెప్పిన అర్థం తప్పు.

మరి సగం మత్తులో ఉన్న ఆరోగ్యవంతులు హఠాత్తుగా ఎందుకు చనిపోయేవారు? ఈ చిక్కుముడి 1911లో గాని వీడలేదు. గుడ్‌మన్ లెవీ అనే ఆంగ్ల వైద్యుడు పిల్లుల మీద పరిశోధించి, క్లోరోఫారం తక్కువ మోతాదులో ఉన్నప్పుడు గుండె లయ తప్పుతుందనీ, ఆ స్థితిలో అడ్రినలిన్ పెరిగితే గుండె దిగువ గదులు కొట్టుకోవడం మాని గజగజ వణుకుతాయనీ (దీనిని వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు) నిరూపించాడు. భయం, పెనుగులాట, నొప్పి వీటిలో ఏది కలిగినా శరీరంలో అడ్రినలిన్ పెరుగుతుంది. పన్ను పీకించుకోవడానికి వణుకుతూ కూర్చున్న రోగికి కొద్దిగా మత్తు ఇవ్వడం అన్నిటికంటే ప్రమాదకరమని ఈ విధంగా తేలింది.

లారీ కమిషన్ ఇదే పరీక్ష చేసి కూడా దీనిని ఎందుకు చూడలేకపోయింది అన్న ప్రశ్నకు ఒక పాక్షిక సమాధానం లెక్కలలో ఉంది. ఉదాహరణకు మూడు వేలమందిలో ఒకరికి వచ్చే ప్రమాదం అనుకుందాం. దానిని 500 జంతువులలో వెదికితే, ఒక్కసారి కూడా కనబడకపోయే అవకాశం సుమారు 85 శాతం. కనబడలేదు కనుక లేదు అనడానికి ఆ సంఖ్య చాలదు. ఈ విధమైన గణాంక దృష్టి నాటి వైద్యులలో లారీకే కాదు, ఆయన ప్రత్యర్థులలో చాలామందికి కూడా లేదు.

లారీ ఈ విమర్శలను వేటినీ అంగీకరించలేదు. ఏళ్ళ తరబడి వైద్య పత్రికలకు ఘాటైన లేఖలు రాస్తూనే ఉన్నాడు. ఈ మొండితనం క్లోరోఫారానికే పరిమితం కాలేదు. మలేరియాకు కారణం రక్తంలోని పరాన్నజీవి అన్న సిద్ధాంతాన్ని కూడా ఈయన ఒప్పుకొనేవాడు కాదు. ఈయన నివాసానికి కొద్ది మైళ్ళ దూరంలో, సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో ఆ పరాన్నజీవి ఆనవాళ్ళను కనుగొన్నాడు.

తరువాతి శాస్త్రంలో స్థానం

లారీని తప్పు పట్టడం ఎంత సులువో, పూర్తిగా తోసిపుచ్చడం అంత అన్యాయం. ఊపిరిని ఎడతెగకుండా కనిపెట్టాలి, గాలి మార్గం మూసుకుపోకుండా చూడాలి, ఊపిరి ఆగితే వెంటనే కృత్రిమ శ్వాస ఇవ్వాలి అన్న ఈయన నియమాలు మత్తువైద్యంలో ఇప్పటికీ మొదటి పాఠాలు. మత్తు పలచగా ఉండరాదన్న ఈయన ఆచరణ కూడా, ఈయన ఊహించని కారణం వలన, సరియైనదే అయింది. కనురెప్ప కదలనంత గాఢమైన మత్తు వచ్చేదాకా అఫ్జల్ గంజ్‌లో కత్తి పట్టేవారు కాదు గనుక అడ్రినలిన్ ఉప్పెన బహుశా అక్కడి రోగులలో తక్కువగా ఉండి ఉంటుంది.

పలచని మత్తులో ప్రేరణ కలిగితే గుండె ఎలా స్పందిస్తుంది అన్న ప్రశ్న ఇరవయ్యవ శతాబ్దంలో మరో రూపంలో ముందుకు వచ్చింది. నోటి ద్వారా శ్వాసనాళంలోకి గొట్టం అమర్చడం (ఇంట్యుబేషన్) సర్వసాధారణం అయ్యాక, లారింగోస్కోపుతో నాలుక మొదలును పైకెత్తినప్పుడు గుండె వేగం, రక్తపోటు రెండూ చటుక్కున పెరగడం గమనించారు. 1951లో అమెరికాకు చెందిన కింగ్, అతని సహచరులు దీనిని పలచని మత్తులో కలిగే ప్రతిచర్యగా వర్ణించారు. గొంతులోని నాడులు రేగి, సింపథెటిక్ నాడీమండలం ద్వారా అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ విడుదల కావడమే ఇందుకు కారణం. ఆరోగ్యవంతులలో ఇది కొద్ది నిమిషాలలో సర్దుకుంటుంది. గుండె ధమనులు పూడుకొన్నవారికి, మెదడు రక్తనాళం ఉబ్బినవారికి, గర్భవాతం ఉన్న గర్భిణులకు మాత్రం ఆ కొద్ది నిమిషాలే ప్రాణాంతకం కావచ్చు. అందువలన మత్తువైద్యులు గొట్టం వేయడానికి ముందు తగినంత గాఢంగా మత్తు కల్పిస్తారు, లారింగోస్కోపును వీలైనంత తక్కువ సేపు నోటిలో ఉంచుతారు, అవసరాన్ని బట్టి ఫెంటనిల్, లిగ్నోకెయిన్, ఎస్మొలాల్ వంటి మందులు ముందుగా ఇస్తారు. రక్తపోటు, ఈసీజీ, రక్తంలోని ఆక్సిజన్ తెర మీద ఎప్పటికప్పుడు కనబడుతుంటాయి. ఊపిరిని చూడాలా, నాడిని చూడాలా అన్న పాత తగవు ఈ యంత్రాల ముందు అర్థం కోల్పోయింది.

క్లోరోఫారం మాత్రం వెంటనే కనుమరుగు కాలేదు. ఇరవయ్యవ శతాబ్దం మధ్య వరకు మన దేశంతో సహా అనేక చోట్ల వాడుకలో ఉండి, 1956లో హాలోథేన్ వచ్చాక పూర్తిగా వెనుకబడింది. హాలోథేన్ కూడా గుండెను అడ్రినలిన్‌కు సున్నితం చేసే మందే కావడం గమనార్హం.

చివరి రోజులు, శిష్యులు

1901లో లారీ పదవీ విరమణ చేసి ఇంగ్లండుకు తిరిగి వెళ్ళాడు. అదే సంవత్సరం క్లోరోఫారంపై విద్యార్థుల కోసం, వైద్యుల కోసం రాసిన ఆయన పుస్తకం లండనులో వెలువడింది. అందులోనూ పాత అభిప్రాయాలను ఏ మాత్రం సడలించలేదు. 1915లో మరణించాడు. ఆయన పనిచేసిన అఫ్జల్ గంజ్ ఆసుపత్రి 1908 సెప్టెంబరు నాటి మూసీ వరదలలో ధ్వంసమైంది. తరువాత మూసీ ఒడ్డునే ఉస్మానియా జనరల్ ఆసుపత్రి వెలసింది. వైద్య పాఠశాల ఉస్మానియా వైద్య కళాశాలగా రూపొందింది.

ఆయన చేర్చుకున్న తొలి విద్యార్థినులలో రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఆమెను పేర్కొంటారు. 1885లో చేరి, రెండవ కమిషన్ పనిచేసిన 1889లోనే హకీం పట్టా పుచ్చుకొన్నది. హైదరాబాదు ఆసుపత్రులలో క్లోరోఫారం ఇవ్వడంలో అనుభవం గడించిన ఆమె, మత్తుమందులను ఇంకా లోతుగా తెలుసుకోవాలనే కోరికతో 1909లో ఎడింబరో వెళ్ళి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివింది. లారీ తన గురువు వద్ద క్లోరోఫారం పాఠాలు నేర్చుకున్నది ఆ ఊరిలోనే. ఆమె తిరిగివచ్చి, 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసింది.